వత్తుల చెట్టు పురుగులు

పురుగుల కోసం ప్రయాణమంటే మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. ఆ మాటకొస్తే నాకూ నచ్చలేదు. కానీ ప్రొద్దుటూరులో జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, ఈ వయసులో డాక్టరేటు నెత్తికెత్తుకున్నదాన్ని. ఎవరిని తిట్టుకోను?

సంగతి ఇది. బీటీ పత్తి వచ్చిన కొత్తలో, కాయను తొలిచే గులాబీ పురుగు ఆ పత్తిని కొరికితే చచ్చేది. విషం చెట్టులోనే ఉంది కదా. అయితే ఎక్కడో ఒకటీ అరా చావకుండా మిగిలాయి. వాటి పిల్లలే మళ్ళీ పత్తిని పట్టాయి. మా పాఠ్యపుస్తకాలు లక్షల ఏళ్ళు పడుతుందని చెప్పే మార్పును ఈ పురుగు మా కళ్ళ ముందే కానిచ్చేసింది. ఎంత మారిందో తేల్చాలంటే మారని పాత రకం పురుగు, అంటే బీటీ కాయ తింటే ఇప్పటికీ చచ్చే పురుగు, పోలికకు కావాలి. అది లేకపోతే నా పరిశోధనకు కాళ్ళు లేనట్టేనని మా గైడు తేల్చేశారు. గడువు ఈ పంటతో సరి.

అందుకే జమ్మలమడుగు దగ్గర ఓబులేసు అనే రైతుకు జూన్‌లోనే బీటీ కాని విత్తనాలు ఇచ్చి, చేను చివర నాలుగు సాళ్ళు వేయించాను. ఒకే ఒక్క షరతు పెట్టాను, వాటికి మందు కొట్టకూడదని.

నవంబరులో ఒక శనివారం ఆరున్నర బస్సు ఏడుకు కదిలింది. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి కండక్టరు ఆధార్ చూసి సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు. సీటు మాత్రం ఉచితంగా దొరకలేదు. సగం దూరం నిలబడ్డాక, కిరాణా కొట్టు శెట్టి ఒకాయన జరిగి చోటిచ్చి, నా ఒళ్ళో ఉన్న బెజ్జాల డబ్బాలను చూసి అడిగాడు.

"ఏంది మేడమ్ ఇవి?"

చెప్పాను.

"పురుగులకు అంత దూరం పోవల్లనా? మా గోడౌన్‌కు రాండి. బియ్యంలో ఎన్ని కావల్లంటే అన్ని ఏరుకోండి, దుడ్లు కూడా వద్దు."

జమ్మలమడుగులో దిగి బస్టాండు ఎదురుగా ఉగ్గాని, బజ్జీ తిన్నాను. తర్వాత వచ్చేవాళ్ళకు చెబుతున్నాను, ఉగ్గాని బాగుంటుంది, బజ్జీ మాత్రం వేడిగా ఉంటేనే తీసుకోండి. అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటో. డ్రైవరుకు పక్కన ఇద్దరు, వెనక ఎంతమందో లెక్కలేదు, నా డబ్బాలు ఎవరో ముసలమ్మ ఒళ్ళో.

ఓబులేసు రోడ్డు దాకా ఎదురొచ్చాడు. ఉతికిన పంచె, మొహం నిండా నవ్వు. ఆయన భార్య ఓళిగలు చేసి పెట్టింది. తింటే గానీ చేను చూపనన్నాడు. తిన్నాను. నల్లరేగడి బూట్లకు పట్టుకుని కాళ్ళు బరువెక్కుతుంటే చేను చివరికి నడిచాను. నా నాలుగు సాళ్ళు దూరం నుంచే ఘాటుగా మందు వాసన కొట్టాయి.

"మందు కొట్టారా?" అన్నాను.

"కొట్టకుండా ఎట్ల మేడమ్? మీరొస్తాండారని మొన్న ఒకసారి, నిన్న ఒకసారి కొట్టించినా. కాలేజీ నుంచి మేడమ్ వస్తే పురుగుల చేన్లో నిలబెట్నాడని ఊర్లో నన్ను ఏమంటారు?"

"నేను అడిగిందే పురుగులు కదా, ఓబులేసన్నా."

"అడిగినారులే. మీరు మర్యాదకు అన్నారు, మాకు ఉండల్ల గదా మర్యాద."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ ఫోనులో మందు కొట్టొద్దని చెబితే "సరే మేడమ్" అన్న మనిషి, చుట్టం ఇంటికొస్తే బూజు దులిపినట్టు నా సాళ్ళకు పురుగు దులిపేశాడు. కాయ లోపల దాగిన ఒకటి రెండు బతికే ఉన్నాయి. కానీ రెండుసార్లు మందు సోకిన పురుగు రేపు చస్తే, బీటీకి చచ్చిందో మందుకు చచ్చిందో ఎలా తేల్చను? అవి పోలికకు పనికిరావు. నేను గొంతు పెంచాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన భార్య మిగిలిన ఓళిగలు కట్టి నా సంచిలో పెట్టింది. కోపంగా ఉన్నప్పుడు ఇలా పెట్టేవాళ్ళను చూస్తే ఇంకా కోపమొస్తుంది.

మధ్యాహ్నం మళ్ళీ జమ్మలమడుగు బస్టాండు. ప్రొద్దుటూరు బస్సు అప్పుడే పోయిందట. బెంచీ మీద నా పక్కన ఒక పెద్దావిడ మోకాలి మీద పత్తి పెట్టుకుని వత్తులు చేసుకుంటోంది. పులివెందులలో ఒక గుడి పూజారి గారి భార్య, పేరు సుబ్బలక్ష్మమ్మ, కూతురింటికి వచ్చి తిరిగి పోతోంది. చేతిలో పత్తికి పసుపు మరకలున్నాయి. గులాబీ పురుగు తొలిచిన కాయలో పత్తి సరిగ్గా అలాగే ఉంటుంది.

"ఈ పత్తి యాడిది అత్తా?" అన్నాను. కొన్నేళ్ళు ఇక్కడుంటే నోరు కూడా మారుతుంది.

"మా పెరట్లోదే. వత్తులకని మా అత్తగారి కాలం నుంచి చెట్టుండాది. ఈ పాడు పురుగు మాత్రం శానా పట్టింది."

"మందు కొట్టలేదా?"

"దేవుని వత్తికి మందు కొట్టిన పత్తి పెడతారా ఎవరన్నా?"

లేచి ఆమెతోపాటు పులివెందుల బస్సెక్కాను. ముద్దనూరు దాటాక దారి పొడవునా చీనీ, అంటే బత్తాయి తోటలు, అరటి తోటలు, ఎండిన పొలాల మధ్య బోర్లు. మూడున్నరకు పులివెందుల. గుడి వెనక సందు, చిన్న పెరడు, నాకంటే ఎత్తున్న పత్తి చెట్టు. మొదటి కాయ చీల్చగానే లోపల గులాబీ పురుగు. మందు వాసన ఎరగని పురుగు. నాకు ఉదయం నుంచి ఉన్న తలనొప్పి తగ్గిపోయింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ చెయ్యి అడ్డం పెట్టింది పూజారి గారు కాదు, ఆయన భార్య.

"తీస్కపోయి చంపుతావా అమ్మా వీటిని?"

"తిండి పెడతాను అత్తా."

"తిండి పెడితే సరే. చెట్టు మీదుంటే వాటి కర్మ. నీ చేతికిచ్చి చంపిస్తే ఆ పాపం నాకు. బతికిస్తానని చెప్పి తీస్కపో."

చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. నేను పెట్టబోయే తిండి బీటీ కాయలు. అవి తిని ఆ పురుగులు చావాలన్నదే నా కోరిక. ఆమె కాయలు తెంపి తానే డబ్బాలు నింపి, కాఫీ ఇచ్చి బస్టాండు దాకా సాగనంపింది.

నాలుగున్నర బస్సు కిక్కిరిసి ఉంది. డబ్బాలు గుండెకు హత్తుకుని నిలబడ్డాను. ముద్దనూరు దగ్గర పవర్ ప్లాంటు పొగ గొట్టాలు కనపడే వేళకు కిటికీ పక్కన చోటు దొరికింది. బయట రోడ్డుకు రెండు వైపులా పత్తి చేలు. అన్నీ బీటీయే. అప్పుడు తట్టింది, జమ్మలమడుగులోనే తట్టాల్సిన విషయం. పెరటికి గోడ ఉంది గానీ రెక్కల పురుగుకు గోడ ఏమిటి? ఈ చేలలో బీటీ తిని కూడా బతికి ఎగిరిపోయినదే ఆ వత్తుల చెట్టు మీద గుడ్లు పెట్టి ఉండవచ్చు. ప్రొద్దుటూరు చేరేదాకా కాదు కాదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను.

కాలేజీ గదిలో వాటికి బీటీ కాయలు పెట్టాను. రోజూ చావు కోసం చూశాను. తిన్నాయి, లావెక్కాయి, గూళ్ళు కట్టుకున్నాయి. ఒక్కటీ చావలేదు. మందు ఎరగని చెట్టు మీద పురుగు కూడా పాతది కాదు. నేను వెతికే పురుగు ఈ చుట్టుపక్కల ఇక లేదేమోనని ఆ రోజు మొదటిసారి భయం వేసింది.

ఆ సాయంత్రమే సుబ్బలక్ష్మమ్మ ఫోను చేసింది.

"ఏమమ్మా, నా పురుగులు బతికినాయా?"

"అన్నీ బతికినాయి అత్తా."

"మాట నిలబెట్టుకున్నావు తల్లీ. చల్లగా ఉండు."