జాలయ్య ఆసుపత్రి బండి

యుద్ధం రోజులవి. బొగ్గుతో నడిచే బస్సువాళ్లు నెత్తురోడే మనిషిని ఎక్కించుకునేవాళ్లు కారు. గురజాల ఆసుపత్రికి పోవాలంటే జాలయ్య ఎడ్లబండే దిక్కు. చుట్ట పళ్ల మధ్య నొక్కిపట్టి, ఎవరి ముఖమూ చూడకుండా బండిలో వరిగడ్డి మందంగా పరిచేవాడు. ఏడ్చేవాళ్లను కసురుకునేవాడు. గతుకు వస్తే మాత్రం దిగి, చక్రానికి భుజం ఆనించి మెల్లగా దాటించేవాడు. అతనంటే ఊరికి గిట్టేది కాదు, అతనికీ ఊరంటే గిట్టేది కాదు.

ఆ రోజు చేలగట్టు తగాదాలో నాంచారమ్మ కొడుకు నరసయ్య, అవతలి పార్టీ పుల్లయ్య ఒకరినొకరు పొడుచుకున్నారు. నాంచారమ్మ మనుషులు నరసయ్యను బండిలో పడుకోబెట్టారు. పుల్లయ్య మనుషులు భయపడి అతన్ని వదిలేసి పారిపోతే, అతను బాటపక్కన మూలుగుతున్నాడు.

"వాణ్ణి గూడా ఎక్కించండి" అన్నాడు జాలయ్య.

"మావోడి పక్కన వాణ్ణా? తోల్తావా, తల పగలగొట్టమంటావా?" అని కర్రలెత్తారు.

జాలయ్య ఎడ్లను విప్పేశాడు. "పగలగొట్టండి. ఆనక మీరే కాడి మోసుకుపోండి."

"నా బిడ్డ పోతాడు జాలన్నా!" అని నాంచారమ్మ అతని కాళ్లు పట్టుకుంది.

"పుల్లిగాడు ఈడ చస్తే నీ కొడుకు బతికేది ఎందుకు? ఉరికంబం ఎక్కటానికా?"

ఆమె లేచింది. మగవాళ్లను నెట్టుకుంటూ పోయి, పుల్లయ్యను తనే ఈడ్చుకొచ్చింది. కొడుకును పక్కకు జరిపి అతన్ని ఎక్కించి, తనూ ఎక్కింది. జాలయ్య ఎడ్లను మళ్లీ కాడికి కట్టాడు. బండి కదిలింది. కొడుకు దాహమంటున్నా అటు తిరగకుండా, కొంగు ఉండచుట్టి పుల్లయ్య కడుపు మీద అదిమిపట్టింది.

"నీ పాడె గట్ట! చావమాకరా పుల్లిగా, చావమాక."