చిటికెన వేలి సిరా

నిన్న మా పాప చిటికెన వేలి మీద పోలియో గుర్తు చూడగానే ముక్కుకు సిరా వాసన తగిలింది. గుర్తుందా మీకు, బడిసంచీలో కారిపోయే ఆ నీలం సిరాబుడ్డి?

నేను బడికి పోయే రోజుల్లో, పోలియో చుక్కలు వేసిన పిల్లలకే వేలి మీద గుర్తు పెడతారని విని, మా అవ్వ పాలు తాగే తమ్ముడి వేలికి ఆ సిరా పూయించింది, నా చేత. చిన్నప్పుడు జ్వరానికి సూది వేయించాకే చిన్నాయన కాలు చచ్చుబడిందని, ఈ చుక్కలన్నా ఆమెకు భయం.

ఇంటికొచ్చిన నర్సమ్మ బొటనవేలు తడి చేసుకుని రుద్దింది. సిరా ఊడొచ్చింది.

"ఎవరు పూసినారు?"

నా చేతులు వెనక్కి పోయాయి.

"నేనే పూయించినా. ఒక బిడ్డ కాలు మీకిచ్చినా, చాల్లేదా?" అంది అవ్వ.



చిన్నాయన చేతుల మీద జరుగుతూ వచ్చి తమ్ముణ్ణి ఒళ్లోకి లాక్కున్నాడు. "వీనికీ నా కాలే కావల్నా అమ్మా?" అంటూ వాడి బుగ్గలు నొక్కి నోరు తెరిపించాడు. "నువ్వు వెయ్యక్కా," అన్నాడు నర్సమ్మతో.

రెండు చుక్కలు పడ్డాయి.

నర్సమ్మ పోయాక అవ్వ తడి కొంగుతో కొత్త గుర్తును రుద్దింది. పోలేదు. ఆ చెయ్యి మెల్లగా తమ్ముడి కాలి మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.