లారీ ఆగని ఇల్లు

మా లెమ్విగ్ ఊళ్లో యుట్టె చేతి చేప వడలు తినకుండా పెరిగిన పిల్లలు లేరు. నలభై ఏళ్లుగా బడి క్యాంటీన్ ఆమెదే. మొహాన నవ్వు కనపడదు గానీ పెట్టడంలో లోటు చెయ్యదు. అలాంటి మనిషి గతాన్ని సినిమాగా తీస్తామంటూ కోపెన్‌హాగన్ నుంచి ఒక గుంపు దిగింది. దర్శకుడి పేరు ఎస్కిల్. జూన్ ఎండలో కూడా మెడకి మఫ్లరు.

మూలం ఒక నవల. యుట్టెతో చదివినతను రాశాడు, ఎవరిలోనూ కలవని నలుగురు పిల్లల కథ. ఆ నలుగురిలో యుట్టె ఒకతె. మా దగ్గర బడి చదువైపోయిన రోజు పిల్లలకి తెల్ల టోపీలు పెట్టి, లారీ ఎక్కించి ఊరేగిస్తాం. ప్రతి ఒక్కరి ఇంటి ముందూ ఆగాలి, ఇంట్లోవాళ్లు పెట్టింది తినాలి. 1981లో ఆ లారీ యుట్టె ఇంటి ముందు ఆగలేదు. యుట్టె లారీలోనే ఉంది. చేపల ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లమ్మ స్ట్రాబెర్రీల పళ్లెం పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉంది.

"అన్నా, పోనీయ్! ఆ కంపు కొంపలో ఎవడు తింటాడు!" అని కుర్రాళ్లు అరిచారు. డ్రైవరు పోనిచ్చాడు. ఆ డ్రైవర్ని నేనే. యుట్టె ఆ టోపీ మళ్లీ పెట్టుకోలేదు, పై చదువుకీ పోలేదు.

ఎస్కిల్ రాసుకొచ్చిన కథలో లారీ ఆగుతుంది. అందరూ దిగి అమ్మని కౌగిలించుకుంటారు. "చూసేవాళ్లకి కాస్త వెలుగు కావాలి కదండీ" అన్నాడు. వెలుగట! ఎవరికీ పట్టని పిల్లల కథ కొనుక్కుని, వాళ్లని అందరికీ ముద్దొచ్చేలా తోమి పెడతాడట. దమ్ములేని సన్నాసులని ఊరంతా తిరిగి తిట్టాను.

యుట్టె తిట్టలేదు. అమ్మ పోయాక ఆ ఇల్లు ఆమెదే. గేటుకి తాళం వేసింది.

"జరిగింది జరిగినట్టు ఒక్కసారి తియ్యండి. లేదంటే వేరే ఇల్లు చూసుకోండి."

ఎస్కిల్ గునిశాడు. ఒక్కసారంటే ఒక్కసారే అని ఒప్పుకున్నాడు. పాత లారీ నాదే, తోలేదీ నేనే.

"నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు స్వెన్. ఆగకుండా పోవడమేగా" అంది యుట్టె.

మలుపు తిరిగాను. గేటు దగ్గర అమ్మ వేషంలో నటి. చేతిలో పళ్లెం మాత్రం యుట్టె వాళ్లమ్మదే, నీలం అంచుది. వెనక పిల్లలు నేర్పిన మాటలు అరుస్తున్నారు. నా కాలు బ్రేకు మీద పడింది. లారీ ఆగిపోయింది. నటి నిజంగానే ఏడ్చేసింది.

"అద్భుతం! చూశారా, ఈయన మనసే ఆపింది! ఇదే ఉంచేద్దాం!" ఎస్కిల్ చప్పట్లు కొట్టాడు.

ఇంకోసారి తియ్యమని బతిమాలాను. ఒక్కసారే అనుకున్నాం, అయిపోయిందన్నాడు. ఊరంతా తిరిగి నేను తిట్టిన అబద్ధాన్ని నా కాలితోనే తీయించాను.

యుట్టె వచ్చి నటి చేతిలోంచి పళ్లెం తీసుకుంది. నా వైపు తిరిగింది.

"అప్పుడు ఆగాల్సింది, ఆగలేదు. ఇప్పుడు ఆగొద్దంటే ఆగావు. మనసు తేలికైందా?"

అయింది. కాలేదని చెప్పబోయాను, నోరు రాలేదు.