అశోకుడికి తొంభై, నాకు అరవై

మా బైండింగు గదిలో మార్కుల బాబాయి ఉన్నంతకాలం చరిత్రలో ఏ మహానుభావుడికీ మనశ్శాంతి లేదు. ప్రతివాడినీ ఇంకొకడి పక్కన నిలబెట్టి, వెనకాల ఏం మిగిల్చి పోయాడో చూసి, వందకు మార్కులు వేసేవాడు. వేసినవి మర్నాడు తగ్గించేవాడు కూడా.

లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ మా గదికే వచ్చేవి. ఆయన చేతిలో సూది, పళ్ళ మధ్య దారం, ఎదురుగా కుట్లు ఊడిన చక్రవర్తులు. దారం ఉన్నా వాదన ఆగేది కాదు.

"అమ్మాయ్, అలెగ్జాండర్‌కి నలభై."

"నిన్న యాభై వేశారుగా బాబాయ్?"

"ఊళ్ళకి తన పేరే పెట్టుకున్నాడట. సొంత పేరు పెట్టుకుంటే పది కోత."

"మరి అశోకుడో?"

"దారి పొడుగునా చెట్లు నాటించాడు. నీడలో కూర్చున్నవాడు ఇది ఎవరి నీడ అని అడుగుతాడా? తొంభై."

"మిగతా పది?"

"ఆ సంగతి రాళ్ళ మీద చెక్కించుకున్నాడుగా!"

ఒకసారి ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ని పట్టుకుని, నెపోలియన్ యుద్ధాలు గొప్పా, చట్టాలు గొప్పా అని నిలదీశాడు. పాపం, అతను నిచ్చెన దిగే దారిలేక గంటసేపు "చట్టాలేనండీ" అంటూనే ఉన్నాడు. ఆ తర్వాత ఫ్యాను పాడైతే వాళ్ళ తమ్ముణ్ణి పంపాడు. వాళ్ళావిడ, మా పిన్ని మాత్రం, "నా వంటకి మార్కులేసిన రోజున ఈయన కూడా చరిత్రలో కలిసిపోతాడు" అనేది.

నేను చేరి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆ నెలలోనే నన్ను పర్మనెంట్ చెయ్యాలి. ఇంట్లో నా జీతం ఒక్కటే ఆధారం. అప్పుడే పొరపాటు జరిగింది. అలెగ్జాండర్ చరిత్ర, అశోకుడి చరిత్ర ఒకే సైజులో వచ్చాయి. పదహారు పేజీల మడతలు చెరో దొంతరగా పెట్టుకున్నాను. బాబాయి మాటలకి నవ్వుతూ, దీంట్లో ఒకటి, దాంట్లో ఒకటి తీసి కలిపి కుట్టేశాను. అట్ట కూడా వేసేశాను. లావుగా వచ్చిందన్న అనుమానమైనా రాలేదు. అలెగ్జాండర్ గుర్రమెక్కుతుంటే, పేజీ తిప్పేసరికి అశోకుడు బావి తవ్విస్తున్నాడు!

పుస్తకం తెరిచిన ఆఫీసరు మండిపడుతూ గదిలోకి వచ్చి, దాన్ని బాబాయి బల్ల మీద పడేసి, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి నిలదీశాడు. "ఎవరి నిర్వాకం ఇది?"

బైండింగు చేసినవాళ్ళు చివరి అట్ట లోపల పేరు రాసి చీటీ అంటించడం మా పద్ధతి. దాంట్లో నా పేరే అంటించాను. ఆఫీసరు తిరిగొచ్చి అట్ట తిప్పాడు. చీటీ మీద బాబాయి పేరుంది. నాది ఎప్పుడు పీకాడో తెలియదు. ఆఫీసరు బొటనవేలికి పచ్చి గమ్ము అంటుకుంది.

"కావాలనే కుట్టానండీ," అన్నాడు బాబాయి. "పదహారు పేజీలు వాడు, పదహారు పేజీలు వీడు. పక్కపక్కన చదివితేగా మార్కులెయ్యడం కుదిరేది!"

ఇంకెవరు చెప్పినా ఆఫీసరు నమ్మేవాడు కాదు. బాబాయి కాబట్టి గదంతా నమ్మింది, పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నన్ను పర్మనెంట్ చేశారు. ఆయనకు రావలసిన ఫోర్‌మన్ ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

"ఆఫీసరుకి చెప్పేస్తాను బాబాయ్," అన్నాను.

"ఏమని? అంత గొప్ప ఆలోచన నీకొచ్చిందంటే ఎవడు నమ్ముతాడే? కూర్చుని కుట్టు."

కూర్చుని కుట్టాను. ఆరేళ్ళు అలాగే కుట్టాను. ఎవరికీ నిజం చెప్పలేదు. చెప్పడానికి రోజూ వీలుండేది, ధైర్యమే ఉండేది కాదు.

ఆయన రిటైరైన రోజున గుండె చిక్కబట్టుకుని అడిగాను. "నాకెన్ని మార్కులు బాబాయ్?"

"అరవై."

"నలభై ఎందుకు పోయాయి?" నిజం దాచినందుకన్న మాట ఆయన నోటితోనే వినాలనుకున్నాను. వింటే క్షమించమని అడుగుదామని.

"గమ్ము ఎక్కువ పూస్తావు," అన్నాడు.

ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ ఫోర్‌మన్ కుర్చీలో ఇప్పుడు నేనున్నాను. మొన్న ఆ పుస్తకం కుట్లు ఊడి నా బల్ల మీదికి వచ్చింది. జనం "ఇద్దరు రాజుల పుస్తకం" కావాలని అడిగి తీసుకెళ్ళి, చదివి చదివి నలిపేశారు. విడదీయడానికి నాకు చేతులు రాలేదు. ఉన్నది ఉన్నట్టే కుట్టి, చీటీ రాశాను: "ఇలా కలిపి కుట్టిన పొరపాటు నాది. నెత్తిన వేసుకున్నది మా బాబాయి." కింద నా పేరు పెట్టాను.

సొంత పేరు పెట్టుకుంటే పది కోత అని తెలుసు. యాభై అయినా సరే, బాబాయ్. ఈసారి గమ్ము మాత్రం తక్కువే పూశాను.