మెడ కింద చెయ్యి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మార్కాపురంలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం నాది. ఊళ్లో సగం మందిని ముఖాలు మరిచిపోయినా ఎముకలు చూసి పేరు పెట్టి పిలవగలను. మా గది ఏసీ చలికి దయ్యమొచ్చినా దుప్పటి అడిగి పోవాల్సిందే. గోరంతను కొండంత చేస్తానని నాకు పేరు. అందుకే ఈ సంగతి చెబితే మా ఆవిడ కూడా నవ్వింది.

ఆ రోజు మధ్యాహ్నం తర్లుపాడు వైపు నుంచి మూడు నెలల పసివాడి శవాన్ని తెచ్చారు. గొర్రెలు కాసుకునే వాళ్ల బిడ్డ. పొద్దున నీళ్లు పోసి ఉయ్యాల్లో వేస్తే మళ్లీ లేవలేదు. ఒంటిమీద గాయం లేదు. పోస్టుమార్టానికి ముందు తల నుంచి కాళ్లదాకా ఎక్స్‌రేలు తీయమన్నారు డాక్టరు గారు. బిడ్డను ఎవరైనా హింసించి ఉంటే చర్మం దాచినా ఎముకలు దాచవు.

అనుమానం నాయనమ్మ మీద. వీధిలో పసిపిల్లలందరినీ కాళ్లమీద వేసుకుని నీళ్లు పోసేది ఆమే.

"కాళ్లూ చేతులూ గుంజి గుంజి సంపింది సార్ ముసల్ది! ఎముకలు ఇరిగుంటాయి, సూడండి. జైల్లో ఏయించాల దీన్ని," అని బిడ్డ మేనమామ వరండాలో అరుస్తున్నాడు.

ఎక్స్‌రేకు అడ్డం రాకుండా బిడ్డ కాళ్ల కడియాలు తీసి, కానిస్టేబుల్ పక్కన కూర్చున్న నాయనమ్మకిచ్చాను. అందుకున్న కుడిచేతికి చిటికెనవేలు సగమే ఉంది.

"మెడ కింద చెయ్యి పెట్టు నాయనా. ఇంకా మెడ నిలబడలా. తల వాలిపోతాది," అన్నది.

"లోపల ఎవురూ చెయ్యి పెట్టగూడదవ్వా," అని తలుపు వేశాను.

అద్దం వెనక నిలబడి బటన్ నొక్కాను. మొదటి బొమ్మ తెరమీదకు వచ్చింది. బిడ్డ తల నిటారుగా ఉంది. మెడ కింద పెద్ద మనిషి చెయ్యి. చిటికెనవేలు సగమే.

పాత బొమ్మ చెరగలేదనుకుందామంటే ఆ రోజు నేను ఒక్క చేతి ఎక్స్‌రే కూడా తీయలేదు.

డాక్టరు గారిని పిలిచాను. "ఎవుర్ని రానిచ్చినావయ్యా లోపలికి?" అని కసిరారు. తలుపు తీసి చూపించాను. నాయనమ్మ వరండాలో కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది, కడియాలు ఒడిలో పెట్టుకుని.

మళ్లీ తీశాను. చెయ్యి లేదు. బిడ్డ తల పక్కకు వాలిపోయి ఉంది.

మిగతా ఒళ్లంతా తీశాం. ఒక్క ఎముకా విరగలేదు, పాత దెబ్బ కూడా లేదు. పోస్టుమార్టంలోనూ కారణం తేలలేదు. ఆమెను వదిలేశారు. ఆ తర్వాత ఆమె ఏ బిడ్డకూ నీళ్లు పోయలేదట.

కొండంత చేద్దామన్నా దీనికి కలపడానికి నాకేమీ తోచదు. ఇప్పటికీ పసిపిల్లలను బల్లమీద పడుకోబెడితే మెడ కింద గుడ్డ మడిచి పెడతాను. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. మూసిన తలుపు దాటి లోపలికి ఎలా వచ్చిందో మాత్రం తెలియదు.