కిరోసిన్ల కడిగిన బేరింగు

ఆ రోజుల్ల నాకు తెల్వని సంగతి లోకంల ఒక్కటి గూడ లేకుండె. ఇప్పుడు తలుసుకుంటె అదే నా అసలు రోగం అనిపిస్తది. మెకానికల్ డిప్లొమా చేతికొచ్చి ఏడాది గూడ కాలే, తలకాయల మాత్రం గాలి నిండుగ ఉండె. తమాషా ఏందంటె నౌకరి గూడ గాలిదే దొరికింది. లాల్‌దర్వాజాకు అవతల ఓ పాత గోదాముల, ఇండ్ల మీద పెట్టుకునే చిన్న గాలిమరలు తయారుచేసే వర్క్‌షాపు ఉండె. (ఎవరన్న అడిగితె మా మేనత్త "మావోడు గాలి పని చేస్తుండు" అని చెప్పేది. ఆమె మనసుల చెడ్డ ఏం లేదు.) గా నౌకరిని, దాంతోపాటు నా పరువును, అరచేతిల పట్టే ఓ బేరింగును కడిగి నేనే ఆగం చేసుకున్న. ఎవ్వరి కుట్ర లేదు, ఎవ్వరి దిష్టి తగల్లే. అంతా నా సొంత కష్టం.

వర్క్‌షాపు ఓనరును మేము తుఫాన్ సార్ అంటుంటిమి. ఆయన ఓ తలుపుల వచ్చి ఇంకో తలుపుల పోయేలోపల బల్ల మీది కాగితాలతోపాటు మా పాణాలు గూడ లేచిపోతుండె. నన్ను మూడు నెలలు టెంపరరీ అని పెట్టుకున్నడు. మూడో నెల పడంగనే పిలిచి, "ఒక మర నీకు అప్పజెప్తున్న. మీ మిద్దె మీదనే పెట్టు. బేరింగులు నువ్వే తే, నువ్వే బిగించు. ఆషాఢం గాలులు పోయేదాక సప్పుడు చెయ్యకుండ తిరిగిందనుకో, నీ నౌకరి పక్కా. సప్పుడు చేసిందనుకో..." అని ఆగి, మిగిలింది చెయ్యితోని చూపిచ్చిండు. ఆ చెయ్యి తలుపు దిక్కు ఉండె. ఇంట్ల అమ్మేమో నా నౌకరి పక్కా అయిందని అప్పటికే గల్లీ మొత్తం చెప్పి వచ్చింది. గందుకే ఆ తలుపు నాకు చార్మినార్ కమానంత పెద్దగ కనబడ్డది.

బేరింగంటె పెద్ద బ్రహ్మ విద్య కాదు. ఒకదాంట్ల ఒకటి రెండు ఉక్కు కడియాలు, నడుమ గోళీలు. మర రెక్కల బరువంతా, గాలి నెట్టుడంతా మోసేది గా గోళీలే. గాజుల దుకాణాలు దాటి లోపలికి పోతె, ఓ గల్లీల చాచా దుకాణం. పైనుంచి కిందిదాక అన్నీ బేరింగులే. నేను అడుగంగనే చాచా ఒక జత తీసి ముంగట పెట్టిండు. రెండు పక్కల నల్ల రబ్బరు మూతలు, లోపల గట్టి గ్రీజు. చేతిలకు తీసుకొని వేలుకు తొడిగి ఒక్కసారి తిప్పిన. అర చుట్టు తిరిగి, అలిగినట్టు ఆగిపోయింది.

మా బాపుది సైకిల్ షాపు. ఆయన దగ్గర బేరింగుకు పరీక్ష ఒక్కటే. కిరోసిన్ల కడుగుడు, చిటికెన వేలుకు తొడుగుడు, ఇంకో చేత్తోని సర్రున తిప్పి అంకెలు లెక్కపెట్టుడు. ఇరవై దాటితె పాస్. ముప్ఫై దాటితె బాపు ముఖం మీద నవ్వు (నా పరీక్షలకు గూడ గంత నవ్వు నేను చూడలే). ఈ పరీక్ష చూసుకుంటనే పెరిగిన కాబట్టి, అర చుట్టుకే ఆగిన బేరింగును నేను ఎట్ల మెచ్చుతా?

"చాచా, ఇది మొద్దుగున్నది. మంచిగ తిరిగేది చూపియ్యి" అన్న.

"నక్కో బేటా, వద్దు" అన్నడు చాచా. "వేలు మీద తిప్పి చూసేది బొంగరం. నీ మర యాడ పెడుతున్నవ్?"

"మిద్దె మీద."

"మరింకేంది! గాలి ముందల్నుంచి నెడతది, వాన పక్కల్నుంచి కొడతది, దుమ్ము రోజూ వస్తది. రోజూ మీదికెక్కి నువ్వు గ్రీజు పెడుతవా? రబ్బరు మూత ఉంటె దుమ్ము లోపలికి రాదు, గ్రీజు బయటికి పోదు. చేతిల మొద్దు, మిద్దె మీద హుషార్. తీస్కపో."

తీసుకున్న. చాచా మాట కొట్టేసే ధైర్యం నాకు లేకుండె. వినే తెలివి అంతకంటె లేకుండె. ఇంటికొచ్చి, అమ్మ చీరె పిన్నీసుతోని ఆ రబ్బరు మూతలు పెరికిన. (అవి వంకర పోయినయి. మళ్ల ఎట్లాగు పెట్టేది లేదని పారేసిన.) లోపలి గ్రీజు వెన్నలెక్క ముద్దముద్దగ వచ్చింది. అంతా గీకి, షాపుల నుంచి డబ్బా తెచ్చి కిరోసిన్ల రెండుసార్లు కడిగిన. పసిపిల్లకు తానం పోసినంత ఇష్టంగ కడిగిన. రెండు సుక్కలు కుట్టుమిషిను నూనె వేసి వేలుకు తొడిగి తిప్పితె, తిరిగింది చూడుండ్రి, నలభై దాటినా ఆగలే! బాపు గూడ వచ్చి చూసి "వారెవ్వ, పాస్" అన్నడు. మా బాపు షాపుకు సైకిళ్లు నెలకోసారి మళ్ల వస్తుండె, వచ్చినప్పుడల్ల ఆయన కొత్త గ్రీజు పెడుతుండె అన్న సంగతి మా ఇద్దరికీ ఆ పూట యాదికి రాలే.

మొదటి పది రోజులు నా అసొంటోడు లేడు. పక్కింటి మిద్దె మీద పూల పెద్దమ్మ ఉండేది. తెల్లారి గుడిమల్కాపూర్ పోయి బంతి, చామంతి తెచ్చుకొని ఎండ ఎక్కేదాక దండలు కుడుతుండె. ఆమె విసనకర్ర ఊపితె గూడ నా మర తిరుగుతదేమో అన్నట్టుండె. తుఫాన్ సార్ వచ్చి చూసి "శభాష్" అన్నడు. ఆయన నోట్ల ఆ మాట ఉన్నదని మాకెవ్వరికీ తెల్వకుండె.

తర్వాత దుమ్ము లేసింది. దుమ్ము మీద వాన పడ్డది. మర ముందుగాల మిడతలెక్క కిర్రుమన్నది. రెండు రోజులకు పిల్లిపిల్లలెక్క. వారానికి తుప్పు గేటు తీసినట్టు. ఆషాఢం నడిమికి వచ్చేసరికి, దాని ఏడుపుకు పోల్చెటందుకు నాకు ఏ జంతువూ దొరకలే.

"ఏంరా, మీ మరకు ఆకలైతుందా ఏంది?" అని పూల పెద్దమ్మ గోడ మీద నుంచి అడిగింది. "పొద్దటి సంది ఒక్కటే ఏడుపు. మీ అమ్మేమో పక్కా నౌకరి అంటది. గల్లీల చెవులు కోసుడేనారా నీ నౌకరి?"

పొద్దున, మాపున నూనె డబ్బా పట్టుకొని మీదికెక్కిన. నూనె వేస్తె ఒక గంట ఊకుంటది. ఆ నూనెకే దుమ్ము అంటుకొని మళ్ల ముద్దయితది, మళ్ల ఏడుస్తది. దాని గొంతు ఎక్కువ, నా గొంతు తక్కువైతుండె. అన్నం పోతలేదు. గాలిమర మీద బతికేటోన్ని, గాలి రావద్దని అమ్మవారికి మొక్కుకున్న. చెట్టు ఆకు కదిలితె నూనె డబ్బా దిక్కు ఉరుకుతుంటి. ఆఖరికి సిగ్గిడిసి బట్టలారేసే తాడుతోని రెక్కలు కట్టేసిన.

మరునాడే తుఫాన్ సార్, మరలు కొనేటందుకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులను తోలుకొని మిద్దె ఎక్కిండు. తాడు చూసి "ఇదేంది?" అన్నడు. "రెస్ట్ ఇచ్చిన సార్" అన్న. సార్ తన చేత్తోనే తాడు విప్పిండు. అప్పుడే ఓ పెద్ద గాలి వచ్చింది. ఆ కేకకు పావురాలు లేచినయి, పూల పెద్దమ్మ దండ తెగింది, కొనేటోళ్లల్ల ఒకాయన చెవులు మూసుకొని మెట్ల దిక్కు నడిచిండు. రెండో ఆయన మర్యాదస్తుడు. చెవులు మూసుకోకుండనే పోయిండు.

సార్ నన్ను తిట్టలే. బేరింగు విప్పిచ్చి, తుప్పు చూసి, "ఆ దుకాణపోడు నకిలీ మాల్ అంటగట్టిండు. పా, అందరి ముంగట అడుగుత" అని స్కూటర్ ఎక్కిచ్చిండు. దారి పొడుగున నాకు రెండే దారులు. ఊకుంటె నౌకరి ఉంటది, చాచా ఇజ్జత్ పోతది. నోరు తెరిస్తె చాచా ఇజ్జత్ ఉంటది, నేను పోత. తెరుద్దామని రెండుసార్లు చూసిన. రెండుసార్లూ నోట్లకు దుమ్మే పోయింది.

దుకాణంల సార్ లొల్లి అంతా విని, చాచా బేరింగును ముక్కు దగ్గర పెట్టుకున్నడు. మూత ఉండాల్సిన అంచు మీద పిన్నీసు గీతలను గోరుతోని నిమిరిండు. "సేఠ్, మాల్ మా దుకాణందే" అన్నడు. గంతే. నా దిక్కు చూడను గూడ చూడలే. తిట్టినా ఓర్చుకుందు, ఆ చూడకపోవుడు నాతోని కాలే.

"నేనే కడిగిన సార్" అన్న.

"దేంతోని?"

"కిరోసిన్ తోని."

"ఎందుకు?"

"మంచిగ తిరుగుతదని."

తుఫాన్ ఆగిపోతె ఎట్లుంటదో ఆ రోజు చూసిన. ముందుగాల నవ్వు ఆపుకోలేక చాచా భుజాలు ఊగినయి, తర్వాత బేరింగుల షెల్ఫు ఊగింది. కళ్లు తుడుసుకుంట కొత్త జత తీసి నా చేతిల పెట్టి, "ఇగో, దీనికి నువ్వు తానం పోయకు బేటా, పుట్టుకతోనే సాఫ్ ఉన్నది" అన్నడు. సార్ నన్ను తీసెయ్యలే. ఇంకో మూడు నెలలు టెంపరరీ అన్నడు. కాకపోతె ఆ సాయంత్రమే నా పేరు తీసేసిండు. మరునాటి నుంచి వర్క్‌షాపుల నేను కిరోసిన్. "కిరోసిన్ వచ్చిండా?" "కిరోసిన్‌ను పిలువుండ్రి." వాచ్‌మెన్ గూడ గేటు దగ్గర నన్ను చూసి "ఇగ బీడి ముట్టియ్య, కిరోసిన్ పక్కకొచ్చిండు" అంటుండె.

కొత్త బేరింగులు మూతలతోనే బిగించిన. మర తిరుగుతనే ఉండె, సప్పుడు లేదు. వారం చూసి పూల పెద్దమ్మ "ఏంరా, సచ్చిందా?" అని అడిగింది. అంతకంటె పెద్ద మెచ్చుకోలు నా బతుకుల మళ్ల దొరకలే. బతుకమ్మ నాటికి నౌకరి పక్కా అయింది. అమ్మ గల్లీల రెండోసారి చెప్పెటందుకు సిగ్గుపడి ఊకున్నది. కాని నౌకరి కంటె పేరు పక్కా అయింది. యేండ్లు గడిచినా పోలే, కొత్తగ చేరినోళ్లు గూడ అదే నా అసలు పేరనుకుంటుండె.

మొన్నీమధ్య, నా జుట్టు సగం తెల్లబడ్డ తర్వాత, ఓ కొత్త పార్టీ మరలు చూడ వచ్చింది. తుఫాన్ సార్ (ఇప్పుడు చిన్నగాలి అయిండు, మోకాళ్ల నొప్పులు) వాళ్లతోని ముచ్చటపెట్టుకుంట బల్ల మీది బేరింగు తీసి, తెల్వకుండనే వేలుకు తొడిగి తిప్పిండు. అర చుట్టుకు ఆగింది. "ఇదేంది, మొద్దుగున్నదే?" అన్నడు.

నేను మెల్లగ లోపలికి పోయిన. కిరోసిన్ డబ్బా తెచ్చి, ప్రసాదం పెట్టినట్టు రెండు చేతులతోని ఆయన ముంగట పెట్టి, "కడగమంటరా సార్?" అని అడిగిన.