ఏసీ నీళ్ళు తాగిన తేయాకు

గల్ఫ్‌లో, మెసయీద్‌లో మా కంపెనీ క్వార్టరు బాల్కనీలో నీడ పడే మూల ఒక్కటే. ఒక్క టబ్బు పడుతుంది. ఆ సామ్రాజ్యాన్ని మా ఆవిడ కరివేపాకు ఏలేది. దాని కుండీని ఎండలోకి తోసేసి, నర్సరీలో కొన్న రెండు తేయాకు మొక్కల్ని ఒకే టబ్బులో నాటి అక్కడ పెట్టాను.

“దసరాలోగా వీటితో ఒక కప్పు టీ ఇవ్వండి. లేదంటే ఆ మూల మళ్ళీ నా కరివేపాకుదే,” అంది.

రెండిట్లో ఒకటి అస్సాం రకం. ఆకు వెడల్పు, ఇద్దరికి భోజనం వడ్డించొచ్చు. రెండోది చైనా రకం. ఆకు చిన్నది, మందం, మొండి ఘటం.

యూరియా ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళుగా డ్యూటీ చేస్తున్నాను. సగం ప్రపంచం నా చేతి మీదుగానే తింటోందని నా నమ్మకం. టబ్బులో గుప్పెడు యూరియా వేశాను. వారంలో అస్సాం మొక్క అప్పడంలా వేగిపోయింది. చైనాది సగం ఆకులు రాల్చి నిలబడింది.

క్వార్టర్ల తోట చూసే జగిత్యాల ఆయన్ని పిలిచాను.

“ఏం ఏసిన్రు సార్?”

గుప్పెడు చూపించాను.

“గంతనా! మొక్కకేసిన్రా, పొలానికేసిన్రా?”

ముందు మట్టిని బాగా కడిగించాడు. “గీ నల్లా నీళ్ళల్ల సున్నముంటది సార్. దీనికి పుల్లటి మన్ను గావాలె. ఏసీ నీళ్ళు వట్టి పొయ్యున్రి,” అంటూ కత్తెర తీసి కొమ్మల తలలు తెగ్గోశాడు. మా ఆవిడ కెవ్వుమంది. వదిలేస్తే చెట్టయి కూర్చుంటుందట. తల కోస్తేనే పక్కల నుంచి చిగుళ్ళు.

ఎండాకాలమంతా ఏసీ పైపు కింద బకెట్ పెట్టాను. గోదావరి పాయ ఒకటి మా బాల్కనీకి మళ్ళినట్టే.

దసరాకి రెండు రోజుల ముందు ఇరవై చిగుళ్ళు కోశాను. ఒక్కోదానికి కొసన మొగ్గ, కింద రెండాకులు. హాల్లో వాడబెట్టి, అరచేతుల్లో నలిపి, గోధుమరంగు తిరిగాక పెనం మీద ఆరబెట్టాను. తేలింది ఒక చెంచాడు.

తోటాయన్నీ పిలిచి, ఆ ఒక్క కప్పునూ ముగ్గురికి పంచాను. మా ఆవిడ ఒక గుక్క తాగి తోటాయన వైపు చూసింది.

“చాయ్‌నే అమ్మా,” అన్నాడాయన. “గని పాలు, చక్కెర, అల్లం ఏస్తే ఇంకింత చాయ్ లెక్కుండు.”

మూల నాకే దక్కింది. మర్నాడు చూస్తే అస్సాం మొక్క పోయిన ఖాళీలో కరివేపాకు నాటి ఉంది.

“మూల మీదేనండీ, నేను కాదన్నానా? యూరియా మాత్రం ఇటు తేకండి,” అంది మా ఆవిడ, బకెట్‌లో సగం నీళ్ళు దాని మొదట్లో వంపుతూ.